ఒకరికి ఒక మాట

దవాఖానలో పెద్ద నర్సమ్మ ఆ కాగితం చదివి, మళ్ళీ అవే మడతల్లో మడిచి తిరిగి చేతిలో పెట్టిందని ఎస్తేరమ్మ చెప్పినప్పుడు, అది ఏ కాగితమో రాజం సార్‌కు వెంటనే తట్టలేదు. మధ్యాహ్నం గంట కొట్టి చాలాసేపయింది. ఉపాధ్యాయుల గదిలో ఆయన ఒక్కడే ఉన్నాడు. టిఫిన్ డబ్బా మూత తీసి, తీసిన సంగతి మరిచిపోయి, కిటికీలోంచి అంకాపూర్ వైపు పోయే బండ్లను చూస్తూ కూర్చున్నాడు. రెండేళ్లుగా ఆయన తిండి ఇలాగే సాగుతోంది. ఆకలి వేసి తినడం కాదు, గంట కొట్టారని తినడం.

ఎస్తేరమ్మ గడప దాటి లోపలికి రాలేదు. ఆమె ఇల్లు బస్టాండు వెనక క్రైస్తవుల వాడలో. పసుపు కాలంలో బుచ్చన్న సేటు కళ్ళంలో కూలి చేస్తుంది, మిగతా కాలమంతా నాట్లకూ కోతలకూ పోతుంది. అప్పుడే కళ్ళం నుంచి వచ్చినట్టుంది, మోచేతుల దాకా పసుపే. కాగితానికి ఆ పసుపు అంటకూడదని కొంగు చివర్లో చుట్టి పట్టుకుంది.

ఆమె చెప్పిందంతా విన్నాక సంగతి ఇదీ అని తేలింది. ఆమె కూతురు రత్నవ్వ రెండేళ్ళ కింద ఈ బడిలోనే పదో తరగతి పాసయింది. నిజామాబాద్ దాటినాక ఉన్న మిషన్ దవాఖానలో నర్సు పని నేర్పడానికి ఈ ఏడు ఆరుగురు పిల్లల్ని తీసుకుంటున్నారు. నిన్న బుధవారం తల్లీకూతుళ్ళు బస్సెక్కి పోయారు. మార్కులు చూశారు, వయసు చూశారు, బరువు తూచారు, అన్నీ సరిపోయాయి. ఆఖర్న పెద్ద నర్సమ్మ బడి ఇచ్చిన నడవడి సర్టిఫికెట్ తీసి చదివింది. చదివి రత్నవ్వ మొహంలోకి చూసింది. నువ్వు ఇలాంటిదానివేనా అని అడిగింది. పిల్ల తల వంచుకుంది కానీ అవుననలేదు, కాదనలేదు. సోమవారం పేర్లు ఖాయం చేస్తాం, ఈలోగా నిన్ను ఎరిగినవాళ్ళెవరైనా వచ్చి చెబితే సరే, లేకపోతే ఆ చోటు ఇంకో పిల్లకు పోతుందని చెప్పి పంపేసింది.

ఎస్తేరమ్మ కొంగు విప్పి కాగితం బల్ల మీద పెట్టింది.

"గిండ్ల ఏం రాసినవ్ సారూ? నా బిడ్డ ఏమన్న తప్పు చేసిందా?"

రాజం కాగితం విప్పాడు. అచ్చులో ఉన్న గీత మీద, గుండ్రటి చక్కని దస్తూరీతో, తన చేత్తో తనే రాసిన మాట ఉంది. సల్లెన్. అంటే మొహం ముడుచుకుని, ఎవరితో కలవకుండా, కోపాన్ని లోపలే దాచుకునే మనిషి అని. కింద హెడ్మాస్టరు సంతకం, బడి ముద్ర, ముప్ఫై తొమ్మిదో నంబరు.

రత్నవ్వ మొహం గుర్తు తెచ్చుకుందామని చూశాడు, రాలేదు. రెండు జడలున్న నలుగురు పిల్లలు కుడివైపు ముందు బెంచీలో కూర్చునేవాళ్ళు, అంతవరకే గుర్తు. ఆమె ఏ తప్పూ చేయలేదని, హెడ్మాస్టరుతో మాట్లాడతానని ఎస్తేరమ్మకు చెప్పాడు. సోమవారానికల్లా అవుతుందా అని ఆమె అడిగితే అవుతుందన్నాడు. ఎలా అవుతుందో ఆయనకు తెలియదు.

*

అసలు ఆ మాట ఆ కాగితం మీదికి ఎలా వచ్చిందో చెప్పాలి.

రాజం సొంతూరు నందిపేట వైపు. హైదరాబాదులో బీఏ చదివి, ఆర్మూర్‌లో పసుపు వ్యాపారులంతా కలిసి పెట్టుకున్న ప్రైవేటు హైస్కూల్లో ఇంగ్లీషు సారుగా చేరాడు. పిల్లలకు ఇంగ్లీషులో మనిషి ఎలాంటివాడో చెప్పే మాటలు రావని, ఎవరి గురించి రాయమన్నా 'గుడ్', 'బ్యాడ్' అని ఊరుకుంటున్నారని, ఆయన ఒక నోటుబుక్కు పెట్టాడు. మనుషుల తీరు చెప్పే మాటలు మూడు వందలు అక్షరక్రమంలో రాసుకున్నాడు. సాయంత్రం పూట భార్య గంగామణి బియ్యం చెరుగుతుంటే పక్కన కూర్చుని ఒక్కో మాటా చదివి అర్థం చెప్పేవాడు. ఆమె నాలుగో తరగతి దాటలేదు. కానీ అర్థం చెప్పడమే ఆలస్యం, వీధిలో ఆ మాటకు తగ్గ మనిషిని చూపించేది. 'కర్టియస్' అంటే మర్యాద తెలిసిన మనిషి అనగానే పక్కింటి రామవ్వ అంది. నిప్పు అడగడానికి వచ్చినా రామవ్వ ముందు ఇంట్లోవాళ్ళు తిన్నారో లేదో అడుగుతుందట. 'హాటీ' అంటే మిడిసిపాటు అనగానే బుచ్చన్న సేటు ఎద్దు అంది. సేటు కాదట, ఎద్దేనట. 'సల్లెన్' దగ్గరికి వచ్చినప్పుడు చేట ఆపి, "గది నువ్వే. కూరల ఉప్పు ఎక్కువైన నాడు సూడాలె నిన్ను" అంది.

ఆ నోటుబుక్కులో మాటల పక్కన అర్థాలున్నా, రాజం మనసులో మాత్రం మనుషులు ఉండేవాళ్ళు. బడిలో అదే పద్ధతిలో చెప్పేవాడు. పిల్లలు మూడు వందల మాటలూ కంఠతా పట్టారు.

అరవైయో సంవత్సరం వైశాఖంలో గంగామణికి కామెర్లు వచ్చాయి. పదకొండు రోజుల్లో పోయింది.

ఆ ఏడే బడి కమిటీలో ఒక కొత్త తీర్మానం వచ్చింది. అంతకుముందు ఏడు ఇన్‌స్పెక్టరు వచ్చి, బడి వదిలిన పిల్లలందరికీ నడవడి దగ్గర ఒకే మాట, 'గుడ్' అని ఉండటం చూసి ముఖం చిట్లించాడట. కమిటీకి పెద్ద బుచ్చన్న సేటు. చదువు వానాకాలం చదువే అయినా వ్యాపారం తెలిసినవాడు. ఆయన మీటింగులో చెప్పిన మాట రాజం విన్నాడు. "అన్ని కుప్పల మీద ఒకటే చీటి పెడితే, కొనేటోడు చీటి సూస్తడా, పసుపు సూస్తడా? ఒక్కొక్క పోరనికి ఒక్కొక్క మాట రాయిండ్రి. ఒకనికి రాసింది ఇంకొకనికి రావద్దు." అందరూ బాగుందన్నారు. ఇంగ్లీషు సార్ దగ్గర మాటలకు కొదవ లేదని కూడా అన్నారు.

దినాలు ముగిసి రాజం బడికి వచ్చిన రెండో రోజు నలభై రెండు ఖాళీ సర్టిఫికెట్లు ఆయన ముందు పెట్టారు. ఆయన మీద కక్షతోనో నిర్దయతోనో కాదు. పని ఉంటే మనసు మళ్ళుతుందని హెడ్మాస్టరు అనుకున్నాడు. రాజం నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీ నుంచి మొదలుపెట్టి, ఏడు మాటలకొకటి చొప్పున వరుసగా రాసుకుంటూ పోయాడు. హాజరు పట్టీలో మొదటి పేరుకు 'ఏ'తో మొదలయ్యే మాట, ఆఖరి పేరుకు ఆఖరి అక్షరాల మాట. మాట మంచిదో చెడ్డదో చూడలేదు. పేరు చూశాడు కానీ మనిషిని తలచుకోలేదు. పట్టీలో మగపిల్లల పేర్లన్నీ అయ్యాక ఆడపిల్లల పేర్లు రాస్తారు కాబట్టి, ఆ నలుగురికీ అడుగున మిగిలిన మాటలు పడ్డాయి. సాయంత్రానికి పని అయిపోయింది. దస్తూరీ చాలా బాగా వచ్చింది.

ఆ మాటలు చదవగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరున్నారని ఆనాడు అనుకున్నాడో లేదో కూడా ఆయనకు గుర్తు లేదు.

*

హెడ్మాస్టరు తుకారాం మంచివాడు, భయస్తుడు. రాజం చెప్పింది విని, బీరువా తెరిచి, సర్టిఫికెట్లు చింపి ఇచ్చాక పుస్తకంలో మిగిలిపోయిన సగాలు తిరగేశాడు. ఇద్దరూ ఒకే బల్ల మీదికి వంగి చదివారు. నోరు తెరిచి నీళ్ళు కూడా అడగని గంగారాంకు 'అరొగెంట్' అని ఉంది, అంటే పొగరుబోతు. మాట తడబడే చిన్నయ్యకు 'ఎలొక్వెంట్', అంటే మాటకారి. తోటి పిల్లవాడి పన్ను ఊడగొట్టి రాజం చేతనే బెత్తం దెబ్బలు తిన్న పెద్దులుకు 'జెంటిల్', అంటే సాధువు, మెత్తని మనిషి. తుకారాం కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు.

తాను చదివింది మరాఠీ, ఉర్దూ అని, ఈ మాటలు తనకు రావని, రాజం మీద నమ్మకంతో నలభై రెండింటి మీదా సంతకం పెట్టేశానని ఆయన ఒప్పుకున్నాడు. కొత్తది రాసివ్వడానికి మాత్రం వీల్లేదన్నాడు. నంబర్ల పుస్తకం. పోయిందని అర్జీ పెట్టుకుంటే నకలు ఇవ్వొచ్చు, కానీ నకల్లోనూ ఉన్న మాటే రాయాలి. ఒకటి తప్పని బడి ఒప్పుకుంటే నలభై రెండూ తప్పే అవుతాయి. వాటిని చూపించి పట్వారీ దగ్గర, కో-ఆపరేటివ్‌లో, మిలిటరీలో చేరినవాళ్ళున్నారు.

"రాజం సాబ్, మీరు పిల్లలను సూడకుంట రాసిండ్రు, నేను చదవకుంట సంతకం పెట్టిన," అన్నాడు తుకారాం చివరికి. "బడి పేరు మీద నేనేం ఇయ్యలేను. మీ పేరు మీద మీరు పోయి చెప్పుకుంటె నేను ఆపను. కమిటీ అడిగితే నాకు ఎరుక లేదని చెప్త."

అది కూడా ఒక దయే అని రాజం అనుకున్నాడు. ఆపననడం చిన్న సంగతి కాదు, సోమవారం సెలవు చీటీ మీద కారణం అడగకుండా సంతకం పెట్టడమూ చిన్నది కాదు.

కానీ పోయి ఏమని చెప్పాలి? పాత మాట తప్పు అంటే, మరి సరైన మాట ఏది అని పెద్ద నర్సమ్మ అడుగుతుంది. రాత బల్ల మీద నోటుబుక్కు ఉంది. మూడు వందల మాటలున్నాయి. వాటిలోంచి ఒక మంచి మాట ఏరి పెట్టుకుపోతే రెండేళ్ళ కింద చేసిందే మళ్ళీ చేసినట్టు.

*

శుక్రవారం బడి వదలగానే కళ్ళానికి పోయాడు. ఉడికించి ఎండబెట్టిన పసుపు కొమ్ములు చాపల మీద పరిచి ఉన్నాయి. ఒక పక్క ఇనుప జాలీ పీపాల్లో కొమ్ములు పోసి తిప్పుతున్నారు. తిప్పితే ఒకదానికొకటి రాసుకుని పైపొట్టు పోయి నిగ్గు తేలుతాయి. గాలి నిండా పచ్చటి దుమ్ము. కాంటా దగ్గర నుంచి ఒక ఎత్తయిన యువకుడు లేచి వచ్చి, దుమ్ము తగలని వైపు చూసి స్టూలు వేసి, దాన్ని తువ్వాలతో తుడిచి, కూర్చోమన్నాడు. పెద్దులు. రాజం ఆ మొహం పోల్చుకోవడానికి కొంతసేపు పట్టింది. ఆ మొహంలో ఇదివరకటి గుర్రు లేదు.

మాట్లాడుతుండగానే కాంటా దగ్గర ఒక రైతు తూకం తక్కువ పట్టారని గొంతు పెంచాడు. పెద్దులు పోయి, ఆ రైతు భుజం మీద చేయి వేసి, బస్తా దింపి మళ్ళీ తూచి చూపించి వచ్చాడు. ఇంత ఓపిక ఎక్కడిది అని రాజం అడిగితే తల గోక్కున్నాడు.

"నువ్వు జెంటిల్ అని రాసినవ్ గద సార్. గది ఇంట్ల పటం కట్టించి పెట్టింది మా అవ్వ. ఎవడన్న తిడితే చెయ్యి లేస్తది, మళ్ళ గోడ మీద పటం యాదికొస్తది. సార్‌కు ఏం కనబడ్డదో నాల అనుకుంట."

రాజంకు ఏదైనా అనిపించి ఉండాల్సింది, సిగ్గో భయమో. ఆ చోట దూది పెట్టినట్టుంది, అంతే.

రత్నవ్వ చివరి పీపా దగ్గర ఉంది. సన్నటి పొడగరి పిల్ల, నుదుట చెమట మీద పసుపు. ఆమెతోపాటు ఆ పీపా తిప్పేది సాయవ్వ అనే ముసలమ్మ. పని ఆపించడం ఇష్టం లేక రాజం స్టూలు మీదే కూర్చుని చూశాడు. పీపా నింపాక మొదట కదిలించడమే బరువు. ఒకసారి తిరగడం అందుకుంటే తేలిక. నింపిన ప్రతిసారీ రత్నవ్వ ఒక్కతే ఒళ్ళంతా వంచి కదిలించేది. అది తిరగడం అందుకున్నాక పక్కకు జరిగి సాయవ్వ చేయి వేయడానికి చోటు ఇచ్చేది. తొమ్మిదిసార్లు నింపారు, తొమ్మిదిసార్లూ అంతే. ఈ సంగతి ముసలమ్మకు తెలిసినట్టు లేదు. తన పని తాను సమంగానే చేస్తున్నానని ఆమె ధీమా. మధ్యమధ్య రత్నవ్వనే తొందర చేస్తోంది.

పొద్దు వాలి పీపాలు ఆగాక రత్నవ్వ వచ్చి నిలబడింది. సర్టిఫికెట్ సంగతి మాట్లాడాలని రాజం అన్నాడు. ఆ మాటకు అర్థం చెప్పబోతే ఆమె మధ్యలోనే అందుకుంది.

"ఎరుకే సార్. నువ్వే చెప్పినవ్ గద. మొహం మాడ్చుకొని, లోపట కోపం పెట్టుకొని ఉండేటోళ్ళు. పరీక్షల గూడ వచ్చింది."

రాజంకు అప్పుడు తట్టింది. ఆ మాటలు చదవగలిగినవాళ్ళు ఊళ్ళో ఎవరూ లేకపోవడమేమిటి? నలభై రెండు మంది ఉన్నారు. వాళ్ళ చేత కంఠతా పట్టించినవాడు తానే. ప్రతి ఒక్కరూ కాగితం అందుకున్న రోజే, బడి గేటు దాటకముందే, తమ మాట చదువుకుని ఉంటారు.

"మరి అప్పుడే వచ్చి అడగకపోతివి?"

"ఏమని అడగాలె?" అంది రత్నవ్వ. "సార్ ఒక్కొక్కలను సూసి ఒక్కొక్క మాట రాసిండు, నేను గట్లనే ఉంటనేమో అనుకున్న. ఒక నెల దాక అందరిని సూసి నవ్వుకుంట తిరిగిన. దవడలు నొచ్చినయ్. మా అవ్వ భయపడ్డది, పోరికి ఏమన్న సోకిందని. మళ్ళ బంద్ జేసిన."

ఆమె నవ్వుతూ చెప్పలేదు, ఏడుస్తూ చెప్పలేదు. నిన్నటి కూర సంగతి చెప్పినట్టు చెప్పింది.

"నేను నిన్ను సూసి రాయలే బిడ్డా," అన్నాడు రాజం. తన గొంతు తనకే పక్కగదిలోంచి వస్తున్నట్టుంది. "ఎవ్వలను సూసి రాయలే. నోటుబుక్కుల వరుసగ ఉన్నయి ఉన్నట్టు రాసుకుంట పోయిన. నీ పేరు దగ్గరికి వచ్చేసరికి గా మాట వచ్చింది. నీది తప్పు లేదు. నాదే."

రత్నవ్వ చాలాసేపు గోళ్ళలోంచి పసుపు తీసుకుంటూ నిలబడింది. రెండేళ్ళు మోసిన దాన్ని కింద పెట్టమంటే ఎవరికైనా ఎక్కడ పెట్టాలో తెలియదు. తర్వాత కాంటా వైపు చూసింది. పెద్దులు బస్తాల లెక్క చూసుకుంటూ ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతున్నాడు.

"పెద్దులుది గూడ గంతేనా సార్?"

"గంతే."

"పెద్దులుకు చెప్పకు."

రాజం తల ఊపాడు. ఆమె ఇంకా అలాగే నిలబడి ఉంది. అడగాల్సింది ఇంకోటి ఉంది.

"మరి నన్ను నువ్వు ఎరుగవ్ గద సార్. సోమారం పొయ్యి ఏమని చెప్తవ్?"

ఎరగననే ఆయన ఒప్పుకున్నాడు. రత్నవ్వ కొంగు దులుపుకుని, రేపు పొద్దున్నుంచి ఇక్కడే ఉంటామని, చూడాలంటే వచ్చి చూడమని చెప్పి వెళ్ళిపోయింది. క్షమించానని అనలేదు. అడగని దాన్ని ఇవ్వమనడం న్యాయం కాదని రాజంకూ తెలుసు.

శనివారం పొద్దున ఆయన బడికి సెలవు పెట్టి కళ్ళంలో కూర్చున్నాడు. ఇంగ్లీషు సార్ పసుపు వ్యాపారం పెడుతున్నాడా అని కూలీలు వేళాకోళం చేశారు. బుచ్చన్న సేటు వచ్చి, ఏం సార్ గిట్ల కూసున్నవ్ అని అడిగితే, చూస్తున్నానని చెప్పాడు. సేటు కూడా కొంతసేపు అటే చూసి, కొత్తేమీ కనబడక పోయాడు. రాజం జేబులో కాగితం పెట్టుకుని కనబడింది కనబడినట్టు రాసుకున్నాడు. మధ్యాహ్నం పెద్దులు మజ్జిగ తెచ్చి ఇస్తే తాగాడు. తాగాక గాని దాహం వేసిన సంగతి తెలియలేదు.

*

సోమవారం తొలి బస్సులో ముగ్గురూ పోయారు. పెద్ద నర్సమ్మ మద్రాసు వైపు మనిషి, నెరిసిన జుట్టు, తెల్లచీర, తెలుగు కొంచెం వంకరగా మాట్లాడుతుంది. రాజం తెచ్చిన కాగితం తీసుకోకుండానే, మొదటి సర్టిఫికెట్ చూపించి, ఈ మాట రాసింది మీరేనా అని అడిగింది. తానే అన్నాడు.

"అప్పుడూ మీరే. ఇప్పుడు కాదనేదీ మీరే. నేను ఏది నమ్మాలి?"

పిల్లను చూడకుండా రాశానని, ఆ రోజు ఎవరినీ చూడలేదని, పుస్తకంలో వరుస ప్రకారం రాశానని రాజం చెప్పాడు. ఎందుకని ఆమె అడిగింది. కారణం ఉంది, కానీ దాన్ని ఈ బల్ల మీద పెట్టి ఒక చోటు కొనడం ఆయనకు చేతకాలేదు. తలుపు దగ్గర నిలబడ్డ ఎస్తేరమ్మ అక్కడి నుంచే చెప్పింది.

"గప్పుడే సార్ ఇంటామె సచ్చిపోయిందమ్మా. పదిహేనొద్దులు గూడ కాలే. మనిషి మనిషిల లేడు. ఊరంత ఎరుకే."

రాజం ఆమె వైపు తిరిగి చూడలేకపోయాడు. తన కూతురి చోటు ఊడగొట్టినవాడి తరఫున చెప్పాల్సిన మాట, అతని కంటే ముందు ఆమె చెప్పింది.

పెద్ద నర్సమ్మ అప్పుడు చేయి చాచి కాగితం తీసుకుంది. ఒక పేజీ ఇంగ్లీషు. రాజం అందులో మనిషి తీరు చెప్పే మాట ఒక్కటి కూడా వాడలేదు. పీపా సంగతి రాశాడు, తొమ్మిదిసార్లని లెక్కతో సహా. శనివారం నాడు కూలీలంతా నీళ్ళు తాగాక ఈ పిల్ల కుండ అడుగున మిగిలింది తాను తాగకుండా కట్టేసిన ఎడ్లకు పోసి, మళ్ళీ బావికి పోయి నింపిందని రాశాడు. చేతికి కొమ్ము గుచ్చుకుంటే ఎవరికీ చెప్పకుండా గుడ్డ చుట్టుకుందని, అదే ఇంకొకామెకు గుచ్చుకుంటే పని ఆపి కడిగిందని రాశాడు. తనకు చేసిన అన్యాయం తెలిసిన క్షణంలో ఈ పిల్ల మొదట అడిగింది, అదే పొరపాటు వల్ల మేలు జరిగిన ఇంకో విద్యార్థికి ఆ సంగతి తెలియనివ్వద్దని. అది ఆ కాగితంలో ఆఖరి వాక్యం. కింద తన పేరు, ఊరు.

ఆమె రెండుసార్లు చదివింది. తర్వాత రత్నవ్వను దగ్గరికి పిలిచి, బుధవారం అడిగితే ఎందుకు పలకలేదని అడిగింది.

"సార్ రాసింది అబద్ధం అనబుద్ధి కాలేదమ్మా," అంది రత్నవ్వ.

అవతల వార్డులో ఎవరో పసిపిల్ల ఏడుపు మొదలుపెట్టి మానేసింది. పెద్ద నర్సమ్మ రెండు కాగితాలూ కలిపి గుండుసూది గుచ్చింది. పాతది పారేయడం కుదరదని, రెండూ ఫైల్లో ఉంటాయని అంది. మూడు నెలలు చూస్తానని, ఈసారి కాగితాలు కాదు, తన కళ్ళతో తానే చూస్తానని చెప్పింది. రత్నవ్వ పేరు ఆరో పేరుగా రాసుకుంది. మిగతా ఐదుగురూ నిన్ననే వచ్చేశారు, ఈ పిల్ల కూడా ఇవాళే ఉండిపోవచ్చు, బట్టలు తర్వాత పంపండి అంది.

అంత త్వరగా అవుతుందని తల్లీకూతుళ్ళు అనుకోలేదు. ఎస్తేరమ్మ కూతురి జడ విప్పి మళ్ళీ గట్టిగా అల్లింది, అంతకంటే ఏం చేయాలో తెలియక. రత్నవ్వ వరండా చివరి దాకా పోయి, తిరిగి వచ్చి, సాయవ్వకు రేపటి నుంచి పీపా దగ్గర ఎవరినన్నా తోడు పెట్టమని కాంటా దగ్గర చెప్పాలని రాజంకు అప్పజెప్పింది. ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది.

*

మధ్యాహ్నం బస్సు ఇంకా రాలేదు. రోడ్డు పక్క రేకుల నీడలో రాజం, ఎస్తేరమ్మ చెరో చివర కూర్చున్నారు. ఆమె ఇంటి నుంచి తెచ్చుకున్న జొన్నరొట్టె మూట విప్పి, కూతురి వాటా ఆకులో పెట్టి ఆయన వైపు జరిపింది. ఇది గంట కొట్టిన వేళ కాదు. అయినా ఆయన తీసుకుని తిన్నాడు.

కొంతసేపటికి ఆమె, ఆ కాగితంలో ఏం రాశావో జర తెలుగులో చెప్పమంది. ఆయన మొదటి నుంచి చివరి దాకా చెప్పాడు. పీపా సంగతికి ఆమె తల ఊపింది. ఎడ్ల సంగతికి ఊపింది. చేతికి గుచ్చుకుంటే ఎవరికీ చెప్పదన్న దగ్గర మాత్రం అడ్డంగా తల తిప్పింది.

"గది తప్పు రాసినవ్ సారూ. గాడ చెప్పదు, గంతే. ఇంటికొచ్చినంక సూడాలె, ఏలు సూపెట్టుకుంట ఇల్లంత లేపుతది. పండుకునే దాక నోరు మూతబడది."

"ఇంట్ల అంత మాట్లాడుతదా?"

"అయ్యో, వసపిట్ట."

రాజం రొట్టె ముక్క చేతిలో పట్టుకుని ఆమె వైపు తిరిగాడు.

"ఏం మాట్లాడుతది?" అని అడిగాడు.

ఎస్తేరమ్మ కాళ్ళు ముడుచుకుని సరిగ్గా కూర్చుంది. దూరంగా బస్సు హారన్ వినబడింది. ఇద్దరూ లేవలేదు. ఆమె చెప్పడం మొదలుపెట్టింది.